ఆస్పత్రి క్యాంటీన్‌లో కాఫీ: పొడా, రెడీమేడ్ డికాక్షనా?

విశాఖలో ఆరిలోవ వైపు ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కిచెన్, క్యాంటీన్ నేను చూసుకుంటాను. పేషెంట్ల భోజనం డైటీషియన్ చెప్పినట్టు వెళ్తుంది. డాక్టర్లు, నర్సులు, వార్డు బాయ్‌లు, పేషెంట్ల తాలూకు మనుషులు తాగే టీ, కాఫీల లెక్క మాత్రం నాదే. మా దగ్గర టీ తాగేవాళ్లే ఎక్కువ. కాఫీ వాటా చిన్నదే, కానీ ఫిర్యాదుల పుస్తకంలో సగం కాఫీ గురించే ఉండేవి. అవి కూడా దాదాపు అన్నీ రాత్రి డ్యూటీ వాళ్లు రాసినవే. "కాఫీ పుల్లగా ఉంది", "నోరంతా వగరుగా అయిపోతోంది", "పాలు విరిగినట్టున్నాయి". ఐసీయూ దగ్గర ఒక సీనియర్ నర్సు అయితే నన్ను ఆపి మరీ అడిగింది: "మేడమ్, పగలు మీ క్యాంటీన్ కాఫీ అంత బాగుంటుంది కదా, రాత్రి మాకెందుకండీ ఇలా ఇస్తారు?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రాత్రి రెండు గంటలప్పుడు లోపల మనిషి ఎలా ఉన్నాడో తెలియక కారిడార్లో కూర్చున్నవాళ్లకు, తెల్లవార్లూ నిలబడి పనిచేసేవాళ్లకు మనం ఇవ్వగలిగింది ఒక కప్పు వేడి కాఫీ. అదైనా సరిగ్గా ఉండాలి.

అదే సమయంలో ఒక సరఫరాదారు రెడీమేడ్ డికాక్షన్ శాంపిళ్లు పట్టుకుని మేనేజ్‌మెంట్ దగ్గరికి వచ్చాడు. చిక్కటి కాఫీ ద్రవం, పౌచ్‌లో వస్తుంది. వేడి పాలల్లో ఇంత పోస్తే కాఫీ అయిపోతుంది. ఫిల్టర్ అక్కర్లేదు, పిప్పి ఉండదు, కాఫీ మాస్టర్ లేకపోయినా పని నడుస్తుంది. మేనేజ్‌మెంట్ వాళ్లకు ఈ చివరి మాట బాగా నచ్చింది. పొడి మానేసి మొత్తం దీనికే మారిపోదాం, మీరు చూసి చెప్పండి అన్నారు. అలా ఆ పని నా మీద పడింది.

ముందు మా పద్ధతి ఎలా ఉండేదో చెప్పాలి. మా కాఫీ మాస్టర్‌ది శ్రీకాకుళం వైపు పల్లె. చిన్నప్పటి నుంచి హోటళ్లలోనే పని. తెల్లవారుజామునే వచ్చి పెద్ద స్టీలు ఫిల్టర్ పై గిన్నెలో పొడి వేసి, చేత్తో అదమకుండా గిన్నెను రెండు పక్కలా తట్టి సమంగా సర్దుతారు. దాని మీద చిల్లుల బిళ్ల పెడతారు. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి కాసేపు ఆగుతారు, తెర్లుతున్న నీళ్లు తిన్నగా పొడి మీద పోయరు. మొదట పొడి తడిసేంత వరకే సన్నగా పోస్తారు. పొడి ఉబ్బి, బుడగలొచ్చి, మళ్లీ కుదుటపడ్డాకే మిగతా నీళ్లు. వేయించిన గింజలో ఇమిడి ఉండే కార్బన్ డయాక్సైడ్ అప్పుడు బయటికి పోతుంది. అది పోకుండా నీళ్లన్నీ ఒక్కసారే కుమ్మరిస్తే పొడి సగం తడిసీ సగం తడవకా ఉండిపోతుంది. ఈ సంగతి ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు, అయినా ఒక్కనాడూ తప్పరు. డికాక్షన్ బొట్టుబొట్టుగా దిగడానికి అరగంట పైనే పడుతుంది. దిగాక ఆ వాసన ఓపీ కౌంటర్ దాకా వెళ్తుంది.

ఇబ్బందల్లా ఆ తరవాతే. ఆయన సాయంత్రం వెళ్లిపోయే ముందు రాత్రికి సరిపడా డికాక్షన్ దించి స్టీలు డబ్బాలో పోసి, వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టేవారు. నేను చేరకముందు నుంచీ అదే పద్ధతి. రాత్రి కౌంటర్లో ఒక్క కుర్రాడే ఉంటాడు. బిల్లు కొట్టేదీ, బ్రెడ్డు కాల్చేదీ, టీ పెట్టేదీ, గ్లాసులు కడిగేదీ అతనే. అతను మధ్యలో ఫిల్టర్ వేసి అరగంట కనిపెట్టుకుని కూర్చోలేడు. కాబట్టి ఆరింటికి దిగిన డికాక్షన్ రాత్రి రెండింటికి కూడా అలాగే వేడి మీద ఉండేది.

డికాక్షన్‌ను అలా వేడి మీద ఉంచేకొద్దీ అందులోని క్లోరోజెనిక్ ఆమ్లాల లాంటివి విడిపోయి క్వినిక్ ఆమ్లం పెరుగుతుంది. నర్సులు రాసిన పులుపూ వగరూ అదే. అంత పుల్లబడిన డికాక్షన్ పొద్దుటి పాలల్లో పోస్తే పాలు విరగడం కూడా జరుగుతుంది. పొడి మంచిదే, చేయి మంచిదే, చెడ్డదల్లా ఆ ఎనిమిది గంటలు. రాత్రి వేళ కౌంటర్ దగ్గర కూర్చుని, ఆ డబ్బాలోది చెంచాతో నాలుక మీద వేసుకుని చూశాక నాకు ఈ విషయం బాగా అర్థమైంది. అప్పటికి నేను రెడీమేడ్ డికాక్షన్ రుచి చూడనే లేదు.

కొటేషన్ల దగ్గర మొదట తేల్చుకోవాల్సింది కప్పు ఖర్చు. సరఫరాదారులందరూ లెక్క తమకు అనుకూలంగా చూపిస్తారు. పొడివాడు కిలోకి రేటు చెప్తాడు, ద్రవంవాడు కప్పుకి చెప్తాడు. రెండింటినీ ఒక కొలత మీదికి తేవాలి. మా పద్ధతిలో కిలో పొడికి ఐదు లీటర్ల నీళ్లు పోస్తే, పొడి తన బరువుకు రెండింతల దాకా నీళ్లు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి మూడు లీటర్ల చిక్కటి డికాక్షన్ దిగుతుంది. కప్పుకి 30 మిల్లీలీటర్లు అనుకుంటే నూరు కప్పులు. కిలో 700 రూపాయలు అనుకుందాం, కప్పుకి ఏడు రూపాయల డికాక్షన్. ఇది కాగితం మీద లెక్క. అందులో 900 మిల్లీలీటర్లు పాడై సింకులో పారబోస్తే మిగిలింది డెబ్బై కప్పులే. అప్పుడు కప్పు పది రూపాయలు. రెడీమేడ్ డికాక్షన్ కప్పు ఎనిమిదో తొమ్మిదో పడుతుందని వాడు చెప్తే, ఏడు కంటే ఎక్కువని కొట్టిపారేస్తాం. కానీ దాన్ని పోల్చాల్సింది ఆ పదితో.

అందుకని స్టోర్ కుర్రాడితో పారబోసిన డికాక్షన్ కొలిపించడం మొదలుపెట్టాను. సింకు పక్కన ఒక కొలత జగ్గు, గోడకి ఒక కాగితం. ఏ పూట ఎంత పోయిందో రాయాలి. పగటి పూట పోయేది చాలా తక్కువ. ఉదయం ఓపీ రద్దీలో దించింది దించినట్టే అయిపోతుంది. పోయేదంతా రాత్రిదే. రాత్రి కాఫీ అడిగేవాళ్లు కొద్దిమంది, ఒక్కో రోజు ఒక్కోలా ఉంటారు. ఎమర్జెన్సీకి కేసులు ఎక్కువ వస్తే డికాక్షన్ చాలదు, రాకపోతే సగం మిగిలిపోతుంది. ఆ కాగితం చూశాక "మొత్తం మార్చాలా, వద్దా" అన్న ప్రశ్నే తప్పని నాకు అనిపించింది. పగలూ రాత్రీ రెండు వేరు వేరు క్యాంటీన్లు. మేనేజ్‌మెంట్‌కి అదే మాట రాసిచ్చాను.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. కాఫీ ఎక్స్‌ట్రాక్టులు, కాన్సన్‌ట్రేట్ల మీద, అంటే ఈ రెడీమేడ్ డికాక్షన్ లాంటి వాటి మీద, జీఎస్టీ 18 శాతం ఉండేది, వేయించి పొడి చేసిన కాఫీ మీద 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎక్స్‌ట్రాక్టులనూ 5 శాతంలోకి తెచ్చారు. పాత కొటేషన్ పట్టుకుని లెక్క వేస్తే ద్రవం అన్యాయంగా ఖరీదైనదిగా కనిపిస్తుంది, కొత్తది అడిగి తీసుకోవాలి. ఇక పొడి రేటు నిలకడగా ఉండదు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ గింజలు పౌను నాలుగు డాలర్లు దాటినప్పుడు ఇక్కడ పూర్ణా మార్కెట్లో గింజలు ఆడించి ఇచ్చే దుకాణదారు కూడా వారం వారం కొత్త రేటు చెప్పేవాడు. రెడీమేడ్ వాళ్లు ఏడాదికి ఒకే రేటు రాసిస్తామన్నారు. బడ్జెట్ చూసేవాళ్లకు అది పెద్ద ఆకర్షణ. నాకు మాత్రం అది ఒక్కటే కారణంగా చాలదనిపించింది.

శాంపిళ్లు వచ్చాక రుచి కంటే ముందు పౌచ్ వెనకాల రాసింది చదివాను. కాఫీ, చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని ఆహార భద్రత నిబంధన, రెండింటి శాతాలూ లేబుల్ మీద వేయాలి. మా పొడిలో కాఫీ 80, చికోరీ 20. రెడీమేడ్ శాంపిళ్లలో ఒకదాంట్లో చికోరీ దాదాపు కాఫీతో సమానంగా ఉంది. చికోరీ నీళ్లల్లో కాఫీ కంటే ఎక్కువగా కరుగుతుంది, రంగూ చిక్కదనమూ చవకగా వచ్చేస్తాయి. కప్పులో చూస్తే నల్లగా, చిక్కగా, ఎంతో స్ట్రాంగ్‌గా కనిపిస్తుంది. తాగితే కాఫీ తక్కువ. చికోరీలో కెఫీన్ ఉండదు కాబట్టి రాత్రి డ్యూటీ వాళ్లకు కావాల్సిన ఆ చురుకు కూడా తక్కువే.

ఇంకొక శాంపిల్‌లో చక్కెర ఉంది. ఇలాంటి కాఫీ ద్రవాల్లో చక్కెర కలపడం ఇప్పటిది కాదు. స్కాట్లాండ్‌లో 1876లో మొదలైన క్యాంప్ కాఫీ అనే సీసా సరుకు కూడా కాఫీ, చికోరీ, చక్కెరల పాకమే. ఇంట్లో వాడుకునేవాళ్లకు పరవాలేదేమో. ఆస్పత్రిలో "చక్కెర లేకుండా ఇవ్వండి" అని అడిగే షుగర్ పేషెంటుకు, తెలియకుండా చక్కెర ఉన్న డికాక్షన్ పోసి ఇవ్వడం ఎంత ప్రమాదం! ఆ శాంపిల్‌ను రుచి చూడకుండానే పక్కన పెట్టేశాను. సరఫరాదారు "చాలా కొంచెమే మేడమ్" అన్నాడు. కొంచెమైనా సరే, వద్దన్నాను. ఆస్పత్రి క్యాంటీన్ నడిపే ఎవరైనా ఇక్కడ మొహమాటపడకూడదు.

తరవాత రుచి పరీక్ష. మాస్టర్ ముందే తీర్పు చెప్పేశారు. పౌచ్ కత్తిరించి వాసన చూసి, "ఏటమ్మా ఇది, కాఫీ వాసనేదీ? రంగు మాత్రం సూడండి, ఎంత బాగుందో" అన్నారు. ఆయన అన్నదాంట్లో నిజముంది. ఫ్యాక్టరీలో కాఫీ దించి, నీరు ఆవిరి చేసి చిక్కబరిచి, పాడవకుండా మళ్లీ వేడిచేసి నింపుతారు. ఇన్ని వేడుల్లో తేలికగా ఎగిరిపోయే పరిమళాలు చాలావరకు పోతాయి. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా అప్పుడే దిగిన డికాక్షన్ వాసన పౌచ్‌లోకి పూర్తిగా రాదు.

కానీ తీర్పు మాస్టర్‌దో నాదో కాకూడదు. అందుకని మూడు కప్పుల పద్ధతి పెట్టాను. ఒక్కొక్కరికీ మూడు కప్పులు ఇస్తాం, రెండింట్లో ఒకటే కాఫీ, మూడోదాంట్లో వేరేది. తేడాగా ఉన్న కప్పు ఏదో చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిగ్గా చెప్పే అవకాశం ఉంటుంది కాబట్టి, ఒకరిద్దరు సరిగ్గా చెప్పినంత మాత్రాన దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. షిఫ్టు మారే వేళ నర్సులు, ల్యాబ్ వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, ఎవరు దొరికితే వాళ్లు. పాలు అవే, చక్కెర అదే, వేడి అదే.

తాజా డికాక్షన్‌కీ చక్కెర లేని రెడీమేడ్‌కీ మధ్య తేడాను చాలామంది పట్టేశారు, అదీ నోటితో కంటే ముక్కుతో. కప్పు దగ్గరికి తెచ్చుకోగానే "ఇదండీ" అనేవారు. ఏది ఇష్టమంటే తాజాదే అన్నారు. ఇందులో ఆశ్చర్యం లేదు. నేను ఎదురుచూసింది రెండో పరీక్ష కోసం: సాయంత్రం దించి వేడినీళ్ల తొట్టిలో ఉంచిన మా పొడి డికాక్షన్ ఒకవైపు, రెడీమేడ్ ఒకవైపు. ఇక్కడ ఫలితం తిరగబడింది. మా డికాక్షన్‌ను సగం తాగి పక్కన పెట్టినవాళ్లే, రెడీమేడ్ కప్పు ఖాళీ చేశారు. మాస్టర్ కూడా రెండూ తాగి చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "నానుండి దింపితే ఇలాగవదమ్మా. నాను లేనప్పుడు ఎవుడు దింపుతాడు?" అన్నారు. మా సమస్య మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

మాస్టర్ ఇంకొక మాట కూడా గుర్తుచేశారు. సరఫరాదారు మొదట పౌచ్‌లతో పాటు ఒక మిషన్ కూడా ఇస్తానన్నాడు. బటన్ నొక్కితే పాలు, డికాక్షన్ కలిసి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఆయన వేరే చోట పనిచేసేవారట, గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి, ఫిల్టర్ వేసి, వచ్చినవాళ్లందరికీ కాఫీ పోశారట. ఆస్పత్రికి జనరేటర్ ఉంటుంది నిజమే, కానీ అలాంటి రోజున ఆ కరెంటు వెంటిలేటర్లకు కావాలి, కాఫీ మిషన్‌కి కాదు. పైగా మిషన్‌లో పాలు వెళ్లే గొట్టాలు రోజూ విప్పి కడగకపోతే లోపల పాచి పడుతుంది. రాత్రి ఒక్కడే ఉన్న కుర్రాడికి ఆ పని కూడా అప్పగించలేను. మిషన్ వద్దన్నాం. నొక్కితే ఒకే కొలత పడే పంపు మూత చాలు, అది పౌచ్‌లోది పోసుకునే సీసాకి బిగించుకుంటాం, ఏ రోజుకారోజు కడిగేస్తాం.

అలా ఇప్పుడు మా దగ్గర పగలంతా పొడి, రాత్రి రెడీమేడ్. పెద్ద ఫిల్టర్ తీసేసి చిన్నవి పెట్టించాం. ఒక్కొక్కదాంట్లో దిగింది దిగినట్టే అయిపోవాలి. డబ్బా మీద దిగిన టైము సుద్దతో రాస్తారు, మూడు గంటలు దాటింది కౌంటర్ మీదికి రాదు. వేడి మీద పెట్టడం పూర్తిగా మానేశాం. డికాక్షన్‌ను మూతపెట్టి మామూలుగా ఉంచి, పాలే బాగా వేడిగా పోస్తాం. పిప్పి తోటమాలికి వెళ్తుంది, మట్టిలో కలిపి మొక్కలకు వేస్తున్నాడు.

పొడి నిల్వ విషయంలో ఈ ఊరి గాలిని లెక్కలోకి తీసుకోక తప్పదు. సముద్రపు తేమకు చికోరీ ఇట్టే చెమ్మ లాగేస్తుంది. చెమ్మ తగిలిన పొడి గడ్డకట్టి ఫిల్టర్ చిల్లులు మూసేస్తుంది, డికాక్షన్ దిగదు, వెనకాల లైన్ పెరుగుతుంది. వానాకాలంలో అప్పుడు చెంచాతో ఫిల్టర్ తట్టడం, నీళ్లు అదనంగా పోయడం, అన్నీ రుచి చెడగొట్టే పనులే. అందుకని నెలకు సరిపడా ఒకేసారి కొనడం ఆపి, వారానికి ఒకసారి ఆడించి తెప్పిస్తున్నాం. గాలి చొరని చిన్న డబ్బాల్లో పోస్తాం, వాడేది ఒక్కటే తెరుస్తాం. నీళ్ల విషయమూ అంతే. ఆర్వో నీళ్లలో లవణాలు మరీ తక్కువై కాఫీ చప్పగా వచ్చేది. మున్సిపల్ నీళ్లు కాచి, వడకట్టి కొంత కలిపి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 150 దరిదాపులకు తెచ్చాక అదే పొడి రుచి మెరుగుపడింది.

రెడీమేడ్ సరఫరాదారుతో కాగితం మీద కొన్ని షరతులు రాయించుకున్నాం. చక్కెర కలిపిన రకం పొరపాటున కూడా రాకూడదు. చికోరీ శాతం మారితే ముందుగా చెప్పాలి. సరుకు వచ్చే నాటికి గడువులో మూడింట రెండొంతులు మిగిలి ఉండాలి. ఉబ్బిన పౌచ్ ఏదైనా తిరిగి తీసుకోవాలి, అది లోపల సరుకు పాడైన గుర్తు కాబట్టి దాన్ని తెరవనే కూడదు. పౌచ్ తెరిచిన రోజు తేదీ దాని మీద స్టిక్కర్ వేస్తాం, మిగిలింది ఫ్రిజ్‌లోనే. లేబుల్ మీద తెరిచాక ఎన్ని రోజులని ఉంటే అన్ని రోజులే, సగం మిగిలినా సరే. రాత్రి పారబోత దాదాపు లేకుండా పోయింది. కావాల్సినప్పుడు కావాల్సినంతే పోస్తారు కదా.

మేనేజ్‌మెంట్‌కి మొత్తం రెడీమేడే పెట్టాలన్న కోరిక ఇంకా పోలేదు. మాస్టర్ రిటైరైతే ఎలా అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా రాత్రి కౌంటర్ కుర్రాడిని వారానికి కొన్ని పొద్దులు మాస్టర్ పక్కన నిలబెడుతున్నాను. పొడి సర్దడం, నీళ్లు ఆగి పోయడం ఇప్పటికే చేయి తిరిగింది. గింజ చూసి ఎంత వేగిందో చెప్పడం ఇంకా రావాలి.

ఇక మిగిలింది పొడి మిశ్రమం. అరకు కొండల మీద గిరిజన రైతులు నీడ చెట్ల కింద పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతుల పంట కొని అమ్మే, 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే. అంత దగ్గర్లో పండే కాఫీ మా కప్పుల్లో కొంచెమే ఉండటం నాకు నచ్చడం లేదు. ఒక్క అరబికాయే వేస్తే పాలల్లో పలచబడుతుందని, చిక్కదనానికి రొబస్టా అనే ఇంకో రకం గింజ ఉండాలని మాస్టర్ పట్టు. ఆయన మాటా నిజమే. అందుకని అరబికా వాటా పెంచి, రొబస్టా కొంత ఉంచి, చికోరీ ఇరవై నుంచి తగ్గించిన రెండు మూడు మిశ్రమాలు ఆడించి పెట్టాం. మళ్లీ మూడు కప్పుల పరీక్షే, ఈసారి నైట్ షిఫ్టు దిగి ఇంటికి వెళ్లేవాళ్లతో. వాళ్లు ఏది తాగి ఇంకో కప్పు అడిగితే, వచ్చే కాంట్రాక్టులో అదే రాస్తాం.